నీడలో కోసిన ముక్క

నందిగుంట మునిసిపాలిటీలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరిన ఇరవై ఆరేళ్ళలో ఇందుమతి పరాయివాళ్ళ చేతి కాఫీ గుక్కెడు తాగి ఎరగదు. రోడ్డు పని దగ్గర కాంట్రాక్టరు కుర్చీ వేయిస్తే కూర్చునేది కాదు. ఇంటినుంచి తెచ్చుకున్న మడత స్టూలు వేసుకునేది. కొబ్బరిబొండాం కొట్టి తెస్తే, "నాకు జలుబు, మీరు తాగండి" అనేది. నడి మే నెలలోనూ ఆవిడకి జలుబే. "ఆవిడ రోడ్డు మీద మంచినీళ్ళు కూడా ముట్టదండోయ్" అని కాంట్రాక్టర్లు చెప్పుకునేవారు. ఆ మాట చెవిని పడ్డప్పుడు ఇందుమతి పైట సర్దుకునేది. లోపల మాత్రం ఎవరో పతకం తగిలించినట్టుండేది.

ఆమె తాగే కాఫీ ఇంటినుంచి వచ్చేది. భర్త సుదర్శనం హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు. పదకొండు గంటల ఖాళీ పీరియడులో ఇంటికెళ్ళి, పాలు కాచి, డికాక్షను కలిపి, ఫ్లాస్కులో పోసుకుని, ఊళ్ళో ఆమె ఏ మూల పని చూస్తుంటే అక్కడికి స్కూటరు మీద తెచ్చి ఇచ్చేవాడు. "నీ నిజాయితీకి రోజూ అర లీటరు పెట్రోలవుతోంది ఇందూ" అని నవ్వేవాడు.

రోడ్డు వేసిన మర్నాడు కోరు కోస్తారు. నీళ్ళు పోస్తూ తిప్పే గుండ్రటి రంపం రోడ్డులోకి దిగి, దిబ్బరొట్టెలోంచి గ్లాసుతో బిళ్ళ తీసినట్టు ఒక ముక్కని పైకి తెస్తుంది. దాని మందం కొలిచి, సరిగ్గా ఉంటే ఇన్‌స్పెక్టరు సంతకం పెడుతుంది. ఎక్కడ కోయాలన్నది ఆమె ఇష్టం. "ఎండలో కోయకమ్మాయ్, తారు మెత్తబడి ముక్క విరుగుతుంది. నీడ చూసి కోసుకో" అని ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్ద ఇంజనీరు చెప్పాడు. ఆమె ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. ఆమె కోసిన ముక్కలన్నీ పేర్లు రాసిన చీటీలతో ఆఫీసు స్టోరులో చెక్కపెట్టెల్లో ఉన్నాయి. ఒక్క ముక్క విరిగింది లేదు, ఒక్క ముక్క పలచనైంది లేదు.

పశువుల ఆసుపత్రి రోడ్డు వేసిన ఎనిమిది నెలలకి తొలకరి పడింది. రెండు వానలకే రోడ్డు లేచిపోయింది. ఆ రోజు ఇందుమతి కూరగాయల మార్కెట్టు దగ్గర కాలువ పని చూస్తోంది. పదకొండున్నర దాటినా ఫ్లాస్కు రాలేదు. ఫోను వచ్చింది. ఆసుపత్రి మలుపులో, జానెడు లోతు గోతిలో చక్రం దిగబడి, సుదర్శనం ఎగిరి సిమెంటు గట్టు మీద పడ్డాడు. ఫ్లాస్కు మాత్రం చెక్కుచెదరలేదనీ, లోపల కాఫీ ఇంకా పొగలు కక్కుతోందనీ ఎవరో చెప్పారు.

ప్రాణం దక్కింది. కుడిచెయ్యీ, మాటా పోయాయి. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి గీతలు నేర్పిన చెయ్యి, ఎవరో మరిచిపోయిన చేతిసంచీలా ఒళ్ళో పడి ఉండేది. నోట్లోంచి వచ్చేది ఒక్కటే శబ్దం, "ఆ". ఆకలైనా ఆ, చిరాకైనా ఆ.

ఆయన పడ్డ చోట రోడ్డు మందం పద్దెనిమిది మిల్లీమీటర్లు. అక్కడికి నలభై గజాల ఇవతల, చెట్టు కింద ఆమె కోసిన ముక్క యాభై రెండు. అంటే కోరు ఎక్కడ కోస్తారో కాంట్రాక్టరు వీర్రాజుకి ముందే తెలుసు. అక్కడ దిట్టంగా పోసి, తక్కినచోట పులిమేశాడు. మరి ముందుగా చెప్పిందెవరు? ఇందుమతి అనుమానం స్టోర్ కీపరు కనకలింగం మీద పడింది. కోరు మిషను అతని అధీనంలోనే ఉంటుంది. పైగా వీర్రాజుతో కలిసి టీ తాగుతాడు. ఆమె కాగితం పెట్టింది. ఆవిడ మాటకున్న విలువ అలాంటిది, వారం తిరక్కుండా కనకలింగాన్ని సస్పెండు చేశారు. వాళ్ళావిడ వీధిలో నిలబడి, "మా పిల్లల ఉసురు తగుల్తుంది నీకు" అని మట్టి ఎత్తి పోసింది. ఇందుమతి తలుపేసుకుని భర్తకి జావ తాగించింది. ఆ తర్వాత రెండున్నరేళ్ళు విచారణ ఫైలు పడుకునే ఉంది.

*

కూతురు ప్రణవి జిల్లా కేంద్రంలో ఇంజనీరింగు కాలేజీ లాబ్‌లో తారు మీద పరిశోధన చేస్తోంది. ఒక ఆదివారం ఇంటికొచ్చి, వంటింటి గట్టెక్కి కూర్చుంది. ఇందుమతి వేరుశనగపప్పు అచ్చుకి పాకం పడుతోంది.

"అమ్మా, ఆ పాకం పళ్ళెంలో పోశాక చల్లారేలోగా కదిపితే ఏమవుతుంది?"

"ముడతలు పడుతుంది. నీ చిన్నప్పుడు ఎన్నిసార్లు కదిపావో!"

"ఆ ముడతలు అలాగే గట్టిపడిపోతాయి కదా? ఎవరు కదిపారో, ఎంత గట్టిగా కదిపారో ఆ ముడతల్లోనే ఉంటుంది. తారూ అంతేనే. చల్లారి గట్టిపడేలోగా పక్కన ఏ చప్పుడైనా సరే, ఆ చప్పుడికి లోపలి రాతిపొడి అల్లల్లాడి, ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. నేను ఉల్లిపొర కన్నా పలచగా పొరలు తీసి, ఆ ముడతలన్నీ వరసగా చదివి, మళ్ళీ చప్పుడు చేయిస్తున్నాను."

ఇందుమతి గరిటె ఆపలేదు. "అంటే రోడ్డు మాట్లాడుతుందంటావు."

"మాట్లాడుతోంది. నువ్వే విను."

తల్లి ఆఫీసు స్టోరులోంచి ప్రణవి అరువు తీసుకెళ్ళిన ముక్కల్లో ఒకటి పదకొండేళ్ళ కిందటి రైలుగేటు రోడ్డుది. ప్రణవి ఫోనులో ముందు రోలరు రొద వినిపించింది, తర్వాత కాకి. ఆ మీద ఒక ఆడకూలీ గొంతు. "మా అత్త నోట్లో ఈ తారు గరిటెడు పోత్తే గాని వదినా, ఆ నోరు మూతపడదు." "పోత్తే అది మళ్ళీ గోతులు పడద్దే!" అని ఇంకొకర్తె. ఇద్దరూ విరగబడి నవ్వారు.

ఇందుమతికీ నవ్వొచ్చింది. రెండున్నరేళ్ళ తర్వాత తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది. లోపలి గదిలోంచి సుదర్శనం "ఆ?" అన్నాడు, ఎవరు నవ్వారన్నట్టు.

"ఒక్కో ముక్క ఎంతసేపటిది గుర్తుపెట్టుకుంటుంది?" అనడిగింది ఇందుమతి.

"మందాన్ని బట్టి. దిట్టంగా ఉంటే నెమ్మదిగా చల్లారుతుంది, అరగంట దాకా వింటుంది. పలచగా ఉంటే నాలుగైదు నిమిషాలకే చెవులు మూసుకుంటుంది."

పాకం ముదిరిపోయింది. ఇందుమతి పొయ్యి కట్టేసింది.

"పశువుల ఆసుపత్రి ముక్క నా పెట్టెలోనే ఉంది ప్రణవీ. యాభై రెండు మిల్లీమీటర్లు. కనకలింగం వీర్రాజుతో ఏం కూశాడో అందులో ఉంటుంది."

"ఉండొచ్చు, ఉండకపోవచ్చు."

"ఉంటుంది. మీ నాన్న గొంతు తీసేసినవాడి గొంతు నేను వినాలి."

కమిషనరు ఒప్పుకున్నాడు. కొత్త యంత్రం, పేపర్లో ఊరి పేరు పడుతుంది. ఇందుమతి కోసిన ముక్కనీ, గోతి పక్కన విచారణవాళ్ళు కోసిన ముక్కనీ చదివి, సోమవారం పొద్దున్నకి నివేదిక ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది.

*

శుక్రవారం సాయంత్రం మేస్త్రి నూకరాజు గేటు దగ్గర నిలబడ్డాడు. ఇరవయ్యేళ్ళుగా వీర్రాజు దగ్గర రోడ్లు వేస్తున్న మనిషి. తారు మరకలు అతని పాదాల మీద పుట్టుమచ్చల్లా ఉంటాయి. చెప్పులు బయట విడిచి, గేటు తీయకుండానే మాట్లాడాడు.

"అమ్మగారూ, ఆ చెట్టు కింద ముక్క మటుకు ఇనకండి."

"ఎందుకూ? నీ బండారం బయటపడుతుందనా?"

"నాదేవుందండి, కూలోణ్ణి. పలచగా పొయ్యమంటే పోసేను. జైల్లో ఎడతారా, ఎట్టనివ్వండి. మీరు మటుకు ఇనకూడదండి."

"వీర్రాజు పంపాడా నిన్ను?"

"ఆరికి తెలీదండి. మాస్టారి మొగం సూసి వొచ్చేనండి." అతను గుమ్మంలో చక్రాల కుర్చీ వైపు చూసి నమస్కారం పెట్టాడు. సుదర్శనం ఎడమచెయ్యి ఎత్తాడు. వాళ్ళిద్దరూ ఎప్పట్నించో ఎరిగున్నవాళ్ళలా ఒకరినొకరు చూసుకోవడం ఇందుమతికి కంపరం పుట్టించింది.

"ఆ మొహం చూసే నువ్వు సిగ్గుతో చావాలి నూకరాజూ. నడు."

"ఎల్తానండి. పాపగారితోనైనా సెప్పండి. అందులో మా మాటలే కాదండి..."

ఆమె తలుపేసేసింది.

*

ఆదివారం లాబ్‌లో తల్లీ కూతురూ ఇద్దరే ఉన్నారు. సెలవు రోజు, వరండాలో వాచ్‌మన్ రేడియో మోగుతోంది. యంత్రం చూడబోతే హోటల్లో బంగాళాదుంప చిప్స్ కోసే పీటలా ఉంది, ఇందుమతికి కాస్త నిరాశ కలిగింది. ఒక్కో పొరా గీసి, చదివి, పక్కకి తోస్తోంది.

ముందు గోతి పక్క ముక్క. పద్దెనిమిది మిల్లీమీటర్లు. నాలుగు నిమిషాలు. పారల చప్పుడు, "పులుమురా, పులుము, ఎండ మండిపోతంది" అన్న నూకరాజు గొంతు, అంతే. తర్వాత రోడ్డు చెవులు మూసుకుంది.

తర్వాత ఆమె ముక్క. దాని మీద ఆమె అంటించిన చీటీ, ఆమె గుండ్రటి సంతకం ఇంకా చెరగలేదు.

మొదట పశువుల ఆసుపత్రిలో గేదె అరుపు. దగ్గర్లోనే ఒక ఆడగొంతు, స్పష్టంగా.

"నూకరాజూ, రేపు మిషను ఇక్కడే దించు, ఈ చెట్టు కింద. నీడగా ఉంది. నీళ్ళ ట్యాంకరు కూడా ఇటే పెట్టించు."

"అలాగేనండమ్మగారూ."

అది తన గొంతేనని తెలుసుకోడానికి ఇందుమతికి క్షణం పట్టింది. ఆ మాట ఆమెకి గుర్తులేదు. గుర్తుండడానికి అందులో ఏముంది? రోడ్డు వేసిన ప్రతిసారీ అనే మాటే అది. ట్యాంకరు ఎక్కడ పెట్టాలో ముందురోజు చెప్పకపోతే మర్నాడు నీళ్ళకి అవస్థ పడాలి. ఇరవై ఆరేళ్ళూ చెప్పింది.

"నేను కాంపౌండరు గారింట్లోకి వెళ్ళొస్తాను" అంటోంది యంత్రంలోని ఆమె. రోడ్ల మీద పనిచేసే ఆడవాళ్ళకి బాత్‌రూము కావాలంటే ఎవరింటి తలుపో తట్టాలి. చెప్పుల చప్పుడు దూరమైంది.

"ఇన్నారు కదరా" అన్నాడు నూకరాజు. "చెట్టు నీడ మేరకి రెండంగుళాలూ దిట్టంగా పొయ్యండి. ముందుకెళ్ళేక సూసుకుందాం."

"ఏమో మేస్త్రీ, ఈసారి మలుపులో కోత్తేనో?" అని ఎవరో.

"ఓరి ఎర్రోడా! ఇరవయ్యేళ్ళబట్టి సూత్తన్నాను. ఆవిడ కాఫీ తాగదు, ఎండలోకి రాదు. ఈ ఊళ్ళో నీడున్న చోటల్లా మంచి రోడ్డుందంటే ఆవిడ సలవే. ఆయ్!"

నవ్వులు. మగవాళ్ళవీ, ఆడవాళ్ళవీ. పారలు ఆగేంత నవ్వులు. వాటి మధ్యలోకి స్కూటరు వచ్చి ఆగింది.

"ఏమిట్రా అంత నవ్వు?"

ప్రణవి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. రెండున్నరేళ్ళుగా ఆ ఇంట్లో వినపడని గొంతు. కొంచెం బొంగురు, చివర్లో సాగదీసే అలవాటు. సుదర్శనం గొంతు.

"ఏం లేదండి మాస్టారూ. అమ్మగారి చెట్టు గురించండి."

"అదా! ఈ చెట్టూ అమ్మగారిదేనా?" అంటున్నాడు సుదర్శనం. "నాకదే సుఖం రా. మా ఆవిడ ఎక్కడుందో ఎవర్నీ అడగక్కర్లేదు. నీడ ఎక్కడుందో చూసుకుని ఫ్లాస్కు పట్టుకెళ్ళడమే."

మళ్ళీ నవ్వులు. ఈసారి ఆయనదీ కలిసింది. చెప్పుల చప్పుడు దగ్గరైంది.

"ఏమిటి, అంతా నవ్వుతున్నారు?"

"ఏం లేదులే ఇందూ. కాఫీ తాగు, చల్లారిపోతుంది."

తర్వాత రోలరు రొద, ఫ్లాస్కు మూత తిప్పిన చప్పుడు. అంతటితో తారు గట్టిపడిపోయింది.

వరండాలో రేడియో ఎవరికో ఆరోగ్య సలహాలు చెబుతోంది. ఇందుమతి కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. కనకలింగం గొంతు కోసం చెవులు రిక్కించి వచ్చింది. ఇరవై ఆరు నిమిషాల్లో కనకలింగం ఒక్క మాట మాట్లాడలేదు. అసలతను అక్కడ లేనే లేడు.

ప్రణవే ముందు తేరుకుంది. పిల్ల మొహం తుడుచుకుని, గొంతు తగ్గించి, చకచకా మాట్లాడింది.

"అమ్మా, ఇది మనిద్దరమే విన్నాం. నాన్న మాటలవరకూ కోసి దాచేస్తాను. మిగతా పొరలు వేడికి కరిగిపోయాయని రాస్తాను. కొత్త యంత్రం, ఎవరూ అడగరు. పలచటి ముక్కలో నూకరాజు 'పులుమురా' అన్నది చాలు, వీర్రాజు ఇరుక్కుంటాడు. నువ్వు..."

"కనకలింగం?"

ప్రణవి యంత్రం మీద రాలిన రాతిపొడి తుడవసాగింది.

"మంచి ముక్క ఒక్కటీ కోసి చూపించి, తక్కినదాని జోలికి పోవద్దంటావు" అంది ఇందుమతి నెమ్మదిగా. "నా కూతురివి అనిపించావే. నువ్వూ నీడలోనే కోస్తున్నావు."

ప్రణవికి ఏడుపొచ్చింది. "నిన్ను కాపాడదామని చూస్తున్నానమ్మా!"

"ఆ నూకరాజూ అందుకే వచ్చాడు. గుమ్మంలోంచి తరిమేశాను." ఆమె లేచి, చీటీ ఉన్న పెట్టె మూత వేసింది. "మొత్తం ఇచ్చెయ్. మీ నాన్న నవ్వుతో సహా."

*

నిజం బయటపడితే దోషి దొరుకుతాడని రెండున్నరేళ్ళు నమ్మింది ఇందుమతి. దొరికాడు కూడా. మందం తగ్గిన మాట వాస్తవమేననీ, అయితే పరీక్షా స్థలాన్ని ముందురోజు ప్రకటించి, అలవాటుగా ఒకే రకం చోట పరీక్షించి, రోడ్డంతా సక్రమంగా ఉందని ధ్రువీకరించినది ఇన్‌స్పెక్టరేననీ విచారణాధికారి రాశాడు. వీర్రాజు వకీలు పెద్దగా కష్టపడనే లేదు. "నా క్లయింటుకి ఆవిడ సంతకం చేసి ఇచ్చింది సార్" అన్నాడు, అంతే. వీర్రాజుకి మందలింపు వచ్చింది. మూడు నెలలకి బైపాసు రోడ్డు పని కూడా వచ్చింది. నూకరాజుని మాత్రం పనిలోంచి తీసేశాడు, నోరు జారినందుకు.

యంత్రం జిల్లా అంతా పాకింది. ఇప్పుడు నందిగుంటలో తారు వేడిగా ఉన్నంతసేపూ ఎవరూ నోరు విప్పరు. పార ఇటు తెమ్మని సైగ, తట్ట అటు పెట్టమని సైగ. పాడితే కూలి ఇవ్వరు, నవ్వితే మర్నాడు పిలవరు. వీర్రాజైతే తారు పక్కనే పెద్ద స్పీకరు పెట్టించి భజనలు మోగిస్తాడు. ఆ భజన కింద రోడ్డు ఎంత మందం ఉందో ఆ దేవుడికే తెలియాలి. అత్త నోట్లో తారు పోస్తానన్న ఆడకూలీలాంటి వాళ్ళు మూతికి గుడ్డ కట్టుకుని, తలొంచుకుని పని చేసుకుపోతున్నారు. ప్రణవికి బహుమతి వచ్చింది. అది తీసుకున్న రోజున తల్లికి ఫోను చేసి, భోంచేశావా అని అడిగి పెట్టేసింది.

సస్పెండైన ఇందుమతి ముక్కల పెట్టెల తాళాలు అప్పగించడానికి ఆఫీసుకి వెళ్ళింది. తీసుకోడానికి వచ్చింది కనకలింగం. మళ్ళీ స్టోర్ కీపరే. జుట్టు మొత్తం నెరిసింది.

"తప్పయిపోయింది కనకలింగం గారూ" అంది గుమ్మం బయటే నిలబడి.

అతను తాళాలు లెక్క చూసుకుని, రిజిస్టరు ముందుకి జరిపాడు. "సంతకం పెట్టండి మేడం. అదేమిటి, ఎండలో నిలబడ్డారు? ఇలా నీడలోకి రండి." గదిలో ఉన్న గుమాస్తాలు ఫైళ్ళలోకి మొహాలు దాచుకున్నారు. ఆ మాట అప్పటికే ఊళ్ళో సామెతైపోయిందని ఆమెకి అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చి, కాఫీ కలిపి, సుదర్శనం కుర్చీ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. అదే మడత స్టూలు. చెంచాతో రెండు గుక్కలు పట్టించి, ఫోను తీసి, ఆ ఇరవై ఆరు నిమిషాలూ వినిపించింది. ఇన్నాళ్ళూ ఆయనకి వినిపించలేదు.

తన గొంతు వచ్చేసరికి సుదర్శనం పెదవులు కదిలాయి, మాట వెనకాలే నడుస్తున్నట్టు. "నీడ ఎక్కడుందో చూసుకుని" అన్నచోట ఆయన నవ్వాడు. నోరు ఎడమవైపుకే వెళ్ళింది, అయినా నవ్వే. ప్రమాదం తర్వాత ఇదే మొదటిసారి. ఆమెని చూసి వెంటనే ఆపేశాడు.

"మీకూ తెలుసన్నమాట" అంది ఇందుమతి. "కూలీలకి తెలుసు, ట్యాంకరు వాడికి తెలుసు. మీరు రోజూ నాకు కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఒక్కసారి, ఒక్కసారి నాతో అనలేకపోయారా, ఇందూ, ఇవాళ ఎండలో కోసి చూడవే అని?"

"ఆ" అన్నాడు సుదర్శనం.

ఇన్నేళ్ళలో ఆమె ఆయన ఆకలి ఆ, నిద్ర ఆ, నొప్పి ఆ అన్నీ నేర్చుకుంది. ఇది ఏ ఆనో తెలియలేదు.

పడమటి కిటికీలోంచి ఎండ తిన్నగా వచ్చి ఆమె మొహం మీద పడుతోంది. కళ్ళు చిట్లించి కూర్చుంది. ఆయన ఎడమచెయ్యి మెల్లగా లేచింది. స్టూలు ఇటు లాక్కో, ఇక్కడ నీడగా ఉంది అన్నట్టు గాలిలో రెండుసార్లు ఊగింది.

ఇందుమతి కదల్లేదు. ఎండ కిటికీ దాటి పోయేదాకా అక్కడే కూర్చుంది.